షికారుకెళ్ళిన కోటు

కిందటి వారం కథ కోర్టు మెట్ల మీద ఆగింది. మూడేళ్ళ రెండు నెలల జైలు తర్వాత గంజిగారు ఆ మెట్లు దిగుతుంటే విలేకరులు చుట్టుముట్టి, బయటపడ్డారు కదా ఎలా ఉంది అని అడిగారు. గోడ దూకి తప్పించుకున్న దొంగని అడిగినట్టు అడిగారు. ఆయన జవాబుగా సోమవారం సాయంత్రం నాలుగింటికి లాండ్రీకి రమ్మన్నారు. చెప్పడం కాదు, చూపిస్తానన్నారు.

ఇవాళే ఆ సోమవారం. ఉదయం పది గంటలు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. గంజిగారిది ఊళ్ళోకెల్లా పెద్ద లాండ్రీ. ఆయన చొక్కా విప్పి నేల మీద పెడితే కూలబడదు, నిలబడుతుంది. పేరు అలా వచ్చింది. మూడేళ్ళ కిందట ఒక పెద్ద విందులో ప్రతిపక్ష నాయకుణ్ణి ఒకడు కాల్చి చంపాడు. కోటు లేనిదే గడప దాటనివ్వని విందు అది. హంతకుడు కోటు వేసుకునే వచ్చాడు. అదీ అలాంటిలాంటి కోటు కాదు. కాపలావాళ్ళు దానికి నమస్కారం పెట్టి మరీ లోపలికి పంపారు. నాయకుడు కుప్పకూలిన మరుక్షణం వాళ్ళ తూటాలకే వాడూ పోయాడు, నోరు విప్పకుండా పోయాడు. ఇక మాట్లాడటానికి మిగిలింది కోటు ఒక్కటే. దాని లోపలి జేబు మీద లాండ్రీ సిరాతో ఒకటో నంబరు వేసి ఉంది. ప్రతి ఖాతాదారుకీ ఒక నంబరుండే ఆ లాండ్రీలో ఒకటో నంబరు గంజిగారి సొంత బట్టలది.

కోటుకీ కోర్టుకీ మధ్య ఉన్నది ఒక్క వత్తు. పోలీసులు ఆ వత్తు తగిలించి, కుట్ర కేసు కుట్టేశారు. కారణమూ వెతికిపెట్టారు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే కాంట్రాక్టు గంజిగారికి రాకుండా అడ్డుపడింది ఆ నాయకుడే కనక, దుప్పట్ల కోసం మనిషిని చంపించాడన్నారు. చివరికి ఈయన కోటు వాడి ఒంటి మీదికి ఎలా ఎక్కిందో ఎవరూ నిరూపించలేకపోయారు. సంశయలాభం కింద వదిలేస్తున్నానన్నారు జడ్జిగారు.

సంశయలాభం. ముప్ఫై ఏళ్ళ వ్యాపారంలో గంజిగారికి ఒళ్ళు మండించిన లాభం అదొక్కటే. నువ్వు చెయ్యలేదు అనడం వేరు, నువ్వు చేశావని తేల్చలేకపోయాం పో అనడం వేరు. మరక పోయిందనడానికీ, మరక దేనిదో తెలియలేదనడానికీ తేడా ఉతికేవాడికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మర్నాడు పేపర్లు "లాండ్రీ యజమాని విడుదల" అని అచ్చేశాయి. విడుదలట. బోను తలుపు తీసి పులిని ఊళ్ళోకి వదిలారన్నట్టు. పక్కవీధి బ్యాంకు మేనేజరు ఇరవై ఏళ్ళుగా వారానికి ఆరు చొక్కాలు వేసే మనిషి. శనివారం వచ్చాడు. గంజిగారి చెయ్యి పట్టుకుని ఊపి ఊపి అభినందించాడు. ఆ చేత్తోనే తన ఆరు చొక్కాలూ ఉతక్కుండానే వెనక్కి పుచ్చుకుని వెళ్ళాడు.

ఇలాంటి అభినందనలు మూడు రోజుల్లో పదిహేను దాకా అందాయి. అందరూ చెయ్యి కలిపినవాళ్ళే. అందరూ గొంతు తగ్గించి, ఇంతకీ ఆ కోటు ఎలా వెళ్ళిందండీ అని అడిగినవాళ్ళే. లాయరడిగాడు, జైలు డాక్టరడిగాడు, మంగలి కత్తి గొంతు మీద పెట్టి అడిగాడు. ప్రపంచంలో ఆ మాట అడగనిది ఒక్క ఆయన భార్యే. ఇరవై ఏళ్ళుగా లాండ్రీ కౌంటర్లో కూర్చునే మనిషి. ఆయన లోపల ఉన్న మూడేళ్ళూ లాండ్రీ నడిపిందీ ఆవిడే. ప్రతి ఆదివారం జైలుకి ఉతికిన చొక్కా తెచ్చేది, మాసిన చొక్కా పట్టుకెళ్ళేది. కోటు ఊసు మాత్రం ఎత్తేది కాదు. అదీ నమ్మకమంటే అని గంజిగారు తోటి ఖైదీల దగ్గర కాలరెగరేసేవారు, ఎగరెయ్యడానికి ఆ కాలరులో గంజి మిగలకపోయినా.

ఇక సోమవారం సంగతి. కేసు కొట్టేశాక కోటు కోర్టు నుంచి లక్క ముద్రల పొట్లంలో ఇల్లు చేరింది. సాయంత్రం విలేకరుల కళ్ళ ముందు దాన్ని డ్రైక్లీనింగ్ మెషిన్లో వేస్తారు. ఆ మెషిన్‌కి గుండ్రటి అద్దం తలుపుంది. లోపల తిరిగేది అందరికీ కనిపిస్తుంది. అది తిరుగుతుండగా గంజిగారు ఒక ఫిర్యాదు చదివి సంతకం పెడతారు. ఫిర్యాదు ఒక ఇన్‌స్పెక్టరు మీద. హత్యకి వారం ముందు అతను ఏదో తనిఖీ పేరు చెప్పి లాండ్రీ లోపలి గది దాకా వచ్చి వెళ్ళాడు. కోటు ఎత్తుకెళ్ళి హంతకుడికి తొడిగింది అతనేనని గంజిగారు కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. ఆ మాట మీద అతన్ని ఉద్యోగంలోంచి సస్పెండ్ చేశారు. ఇవాళ సంతకం పడితే హత్యలో భాగస్వామి అంటూ అతనూ లోపలికే. నాలుగు పేజీలూ నీటుగా టైపు కొట్టించి, ఇస్త్రీ మడతల్లో పెట్టి, చొక్కా జేబులో దాచుకున్నారు.

బట్టలు వేరుచేసే లోపలి గదిలో పొట్లం బల్ల మీద ఉంది. అక్కడున్నది ముగ్గురు. గంజిగారు, మరకల పిన్ని, ఇస్త్రీ తాత. మరకల పిన్ని మరక చూసి ఇది ఏ విందులో, ఏ వడ్డనలో, ఎడమచేతి పక్కన ఎవరు కూర్చుంటే పడిందో చెప్పగలదు. ఇస్త్రీ తాత గంజిగారి తండ్రి హయాం నుంచీ ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా గంజిగారు ఆయన నోటికి ఇంకా చిన్నయ్యగారే. నలభై ఒక్క ఏళ్ళలో తాత పెట్టె కింద ఒక్క బట్ట కాలలేదు. ఆ పేరు మీదే లాండ్రీ నిలబడిందని ఊరంతా అంటుంది. ఆయన బల్ల దగ్గరికి రాకుండా, మూల నిలబడి దిండుగలీబు ఇస్త్రీ చేస్తున్నాడు.

గంజిగారు లక్క పగలగొట్టి కోటు పరిచారు. బొగ్గు రంగు ఉన్ని కోటు. రొమ్ము దగ్గర రెండు చిల్లులు, వాటి చుట్టూ అరచేతి మేర అట్టకట్టిన గోధుమరంగు. దాన్ని చూడగానే కోపం పొంగుకొస్తుందనుకున్నారాయన. రాలేదు. ఆ చిల్లుల వెనక ఒకప్పుడు ఒక మనిషి ఉన్నాడు. వాడి వెనక, ఇంకో బల్ల దగ్గర, కుర్చీలోంచి జారిపోయిన ఇంకో మనిషి ఉన్నాడు. మూడేళ్ళలో తన సంగతి తప్ప వాళ్ళ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నానని లెక్క వేసుకుంటే, అంకె చెప్పుకునేలా లేదు.

"రక్తం అయ్యగారూ. మూడేళ్ళది. పోదు," అంది పిన్ని.

పోకపోయినా పర్లేదు, తిరిగితే చాలు అన్నారు గంజిగారు. ఆ తర్వాత చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. ఏ బట్టయినా మెషిన్లోకి వెళ్ళే ముందు జేబులు తిరగేసి చూడాలి, గుండీలు లాగి చూడాలి, కాలరు ఎత్తి చూడాలి. ఈ మూడూ ఆయనే పెట్టిన రూళ్ళు. జేబులు తిరగేశారు. గుండీలు లాగారు. కాలరు ఎత్తారు.

కాలరు కింద, కుట్టులో కలిసిపోయి, అంగుళం మేర ఆకుపచ్చ దారం వేలాడుతోంది.

కోర్టులో ఈ కోటుని గాజుకాయితం సంచిలో పెట్టి అంత దూరం నుంచి చూపించేవారు. సామాన్ల జాబితాలో "కాలరు కింద దారపు పోగు ఒకటి" అని రాసుకున్నారు కూడా. దారానికేముంది, లాండ్రీ బట్టకి దారం ఉండదా అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. కానీ ఈ లాండ్రీలో దారాలు రెండే రెండు. గంజి వద్దంటే తెల్లది, రంగు దిగుతుందంటే ఎర్రది. ఆకుపచ్చ దారమనేది గంజిగారి రూళ్ళలో లేదు.

"ఇదేం దారం?" అన్నారు.

మరకల పిన్నికి ఉన్నట్టుండి బకెట్లో నీళ్ళు నిండాయేమోనన్న బెంగ పుట్టి బయటికి నడిచింది. మూల నుంచి వాసన వచ్చింది. తాత చెయ్యి పెట్టె మీదే ఉంది, పెట్టె దిండుగలీబు మీదే ఉంది, గలీబులోంచి పొగ లేస్తోంది. నలభై ఒక్క ఏళ్ళ పేరు ఆ బల్ల మీద కమిలిపోతున్నా ఆ ముసలాయన చెయ్యి ఎత్తలేదు.

గంజిగారే వెళ్ళి పెట్టె తీసి నిలబెట్టారు. గలీబు మీద పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది. తాత తెల్లబోయాడు. ఆ లాండ్రీలో అంత తెలుపు ఏ బట్టకీ రాలేదు.

అడగ్గా అడగ్గా, నీళ్ళు నమిలి నమిలి, తాత చెప్పిందిది. పనివాళ్ళ భాషలో దాని పేరు షికారు. ఊళ్ళో కోటు లేనివాళ్ళుంటారు. వాళ్ళకీ ఉద్యోగాల ఇంటర్వ్యూలుంటాయి, పెళ్ళిచూపులుంటాయి, ఫోటోలుంటాయి. లాండ్రీలో ఎవరెవరివో కోట్లు వారాల తరబడి హేంగర్లకి ఉరేసుకుని ఉంటాయి. ఒక పూటకి ఇస్తే పోయేదేముంది? వెళ్ళిన బట్ట మర్నాటికి వస్తుంది, మళ్ళీ ఉతికి, ఇస్త్రీ చేసి, యజమానికి అప్పగిస్తారు. పైసా పుచ్చుకోరు, అది నేరం. మామూలు బట్టల్లో కలిసిపోకుండా షికారు బట్టకి కాలరు కింద ఆకుపచ్చ దారం కడతారు, తిరిగొచ్చాక తెంపేస్తారు. గంజిగారి తండ్రి రోజుల నుంచీ ఇదే వరస.

"ఇది తిరిగి రాలేదు బాబూ," అన్నాడు తాత. "అందుకే దారం ఉండిపోయింది."

గంజిగారు కుర్చీ కోసం వెతికారు. దొరకలేదు. మాసిన దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డారు. ఆ లాండ్రీలో మొదటిసారి ఆయన చొక్కా నలిగింది.

"తెలుసు నీకు," అన్నారు. "మూడేళ్ళ నుంచీ తెలుసు."

"తెలుసు."

అప్పుడొచ్చింది కోపం. అరుపుగా రాలేదు, గుక్కతిప్పుకోని మాటలుగా వచ్చింది. ఒక పూట షికారు కోసం నేను మూడేళ్ళు చాప మీద పడుకున్నానా అన్నారు. జైల్లోనూ నాకు ఉతికే పనే వేశారు తెలుసా, అక్కడ గంజి చొక్కాకి కాదు, కడుపుకి పోశారు తెలుసా అన్నారు. ఊళ్ళో ప్రతి గాడిదా నన్ను ఉతికి ఆరేస్తుంటే నువ్విక్కడ దిండుగలీబులు మడతపెడుతూ కూర్చున్నావా అన్నారు. ఒక్క మాట, ఒకే ఒక్క ఆకుపచ్చ మాట, కోర్టులో అనుంటే మొదటి నెలలోనే నేను ఇంటికొచ్చేవాణ్ణి కదయ్యా అన్నారు.

తాత అంతా విన్నాడు. కాలిన గలీబుని నాలుగు మడతలు వేసి పక్కన పెట్టాడు.

"చెప్దామనే వచ్చాను చిన్నయ్యగారూ. రెండో వరసలో కూర్చున్నాను, మీరు బోనెక్కిన రోజు. లాయరుగారు బయటికి రాగానే చెప్పెయ్యాలని. ఈలోగా మీరేమన్నారో గుర్తుందా?"

గుర్తుంది. గుర్తులేకేం. ఆ వాక్యం ఆయన నెలరోజులు అద్దం ముందు బట్టీ పట్టారు. ముప్ఫై ఏళ్ళలో నా లాండ్రీ నుంచి చేతిరుమాలు కూడా చీటీ లేకుండా గడప దాటలేదు. అది చెప్పినప్పుడు కోర్టు హాలు నిశ్శబ్దమైపోవడం, జడ్జిగారు తలెత్తి చూడటం, అన్నీ గుర్తున్నాయి. ఎంత బాగా చెప్పానని ఆ సాయంత్రం జైల్లో రెండో గిన్నె గంజి అడిగి తాగారు.

"మీరు ప్రమాణం చేసి అలా అన్నాక, నేను లేచి కాదండీ వెళ్తాయండీ అంటే?" అన్నాడు తాత. "రుమాలు సంగతి అబద్ధమైతే కోటు సంగతీ అబద్ధమే అనరూ? మిమ్మల్ని చేజేతులా ఉరికొయ్యకి ఎక్కించినట్టవదూ? అందుకని నోటికి కుట్టేసుకున్నాను. తప్పో ఒప్పో నాకు తెలీదు."

కోటు ఎలా వెళ్ళిందన్న ప్రశ్నకి నేరం లేని జవాబు ఒకటి ఉండేది. ఆ జవాబు వచ్చే తలుపుని బయటివాళ్ళెవరూ మూయలేదు. గంజిగారే మూశారు, తాళం వేశారు, తాళంచెవి జడ్జిగారి ముందు విసిరేశారు. పైగా ఆ తాళం చప్పుడుకి తనే మురిసిపోయారు.

అయినా కోపం అంత తొందరగా ఆరదు. తడి ఇంకా మిగిలే ఉంది. అయితే నాలుగింటికి ఇదే చెప్పు అన్నారు. విలేకరుల ముందు, మెషిన్ పక్కన నిలబడి చెప్పు. తాత తల ఊపాడు. చెప్తానన్నాడు. కానీ చెబితే ఏమవుతుందో చూసుకోమన్నాడు. కోర్టులో ప్రమాణం తప్పినట్టు మీ మీద ఇంకో కేసు పెడతారు. తమ బట్టలు తమకి తెలియకుండా ఎవరెవరి ఒంటి మీద ఊరేగాయోనని ఖాతాదారులు ఒక్కొక్కరే మూటలు పట్టుకుపోతారు. బట్ట బయటికెళ్ళిన సంగతి బట్టబయలైతే ఈ బోర్డు మిగలదు.

"చెప్పకపోతేనో?"

"చెప్పకపోతే ఏముంది, మీ జేబులో కాయితాలున్నాయిగా," అన్నాడు తాత. "ఆ ఇన్‌స్పెక్టరు వెళ్తాడు లోపలికి. ఆయనకీ ఇల్లుంటుంది. ఆదివారం ఆదివారం చొక్కా పట్టుకెళ్ళేవాళ్ళూ ఉంటారు."

గంజిగారు జేబులోంచి ఫిర్యాదు తీశారు. ఊరికే కళ్ళ ముందు పెట్టుకున్నారంతే. చదవక్కర్లేదు, రాసింది తనే. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర చూపు ఆగింది. "ఈ కోటును ఇతడు తప్ప వేరెవ్వరూ ఇచ్చియుండుటకు వీలులేదు." దీన్ని తను ఎక్కడో విన్నారు. ఎక్కడో కాదు, బోనులో నిలబడి విన్నారు. తన వైపు వేలు చూపిస్తూ ప్రభుత్వ లాయరు అన్న మాట అది, అక్షరం పొల్లుపోలేదు. ఆ రోజు రాత్రంతా నిద్రపట్టకుండా చేసిన మాట తన చేత్తోనే టైపు కొట్టించి, తన జేబులోనే, గుండెకి ఆనించి పెట్టుకున్నారు. మనిషి మారాడు, కోటు మారలేదు. అదే కోటు, ఇంకొకడికి తొడగబోయారు. కొలతలు కూడా తీసుకోకుండా.

ఆయన లేచి, బట్టీ మీద మరుగుతున్న గాబు దగ్గరికి వెళ్ళారు. నాలుగు పేజీలూ అందులో వేశారు. సిరా కాస్సేపు పట్టుకుని ఉంది, తర్వాత నీలంగా వదిలింది. కర్ర పెట్టి రెండుసార్లు తిప్పారు, అలవాటు ప్రకారం.

"నాలుగింటికి ఇద్దరం చెప్దాం," అన్నారు. "రుమాలు అబద్ధం నాది, అది నేను చెప్తాను. షికారు సంగతి నువ్వు చెప్పు. తర్వాత బోర్డు ఉంటే ఉంటుంది, ఊడితే ఊడుతుంది."

తాత కళ్ళు తుడుచుకున్నాడు, చేతికందిన గలీబుతో. అది కాలిందన్న సంగతి మర్చిపోయాడు. మొహానికి మసి అంటింది.

"ఒకటి మిగిలింది," అన్నారు గంజిగారు. "ఆ రోజు కోటు అడిగిందెవరు? ఎవరికిచ్చావు?"

"నేను దారం కట్టడం వరకే. పుచ్చుకునేవాళ్ళని నేను చూడను. ఎవరి పూచీ మీద వెళ్తుందో వాళ్ళ చేతికిస్తాను."

"ఎవరి పూచీ?"

తాత తల అడ్డంగా ఊపాడు. పూచీ పడ్డవాళ్ళ పేరు పైకి అనడం షికారులో లేదట. అది దారమే చెప్తుందట. తన పూచీ అయితే దారానికి ఒక ముడి. మరకల పిన్ని పూచీ అయితే రెండు. ముందు కౌంటరు పూచీ అయితే మూడు. లెక్కపెట్టుకోండి చిన్నయ్యగారూ, నా నోటితో మాత్రం అనిపించకండి అన్నాడు.

గంజిగారు కళ్ళజోడు సర్దుకుని కోటు మీదికి వంగారు. ఆకుపచ్చ దారాన్ని గోటి మీదికి తీసుకున్నారు. మొదటి ముడి గోటికి తగిలింది. రెండోది తగిలింది. అక్కడితో ఆగితే బాగుండునని ఆయనకి ఎందుకనిపించిందో తెలియదు. వేలు జరిపారు.

మూడోది తగిలింది.

కోటు ఎలా వెళ్ళిందని ప్రపంచంలో ఆయన్ని అడగనివాళ్ళు ఒక్కరే ఉన్నారు.

వెనక తెర జరిగిన చప్పుడైంది. భార్య వచ్చింది, చేతిలో మూత తీసిన పెన్నుతో, సంతకానికని పొద్దున ఆయనే తెమ్మన్న పెన్ను. బల్ల మీద కోటు చూసింది, ఆయన గోటి మీద దారం చూసింది, గాబులో నీలంగా తేలుతున్న కాయితాలు చూసింది. తడబడలేదు. పెన్నుకి మూత పెట్టింది.

"మొదటి ఆదివారమే చెప్పబోయాను," అంది. "మన లాండ్రీ నుంచి బట్ట పోయిందని ఎవరన్నా అంటే ఈ జన్మలో వాళ్ళ మొహం చూడనన్నారు మీరు. వారానికి ఒక్కసారి, పావుగంట, ఆ ఊచల్లోంచి కనిపించేది మీకు నా మొహమేగా. అదీ లేకుండా ఎలా ఉంటారని ఊరుకున్నాను."

"ఎవరికిచ్చావు?" అన్నారు గంజిగారు.

"మీరు సంతకం పెట్టేలోపు తేల్చెయ్యాలని, పుచ్చుకున్నాయన్నే రమ్మని కబురు పెట్టాను. పదకొండింటికి వస్తానన్నారు."

గోడ మీద పదకొండయింది. ముందు గదిలో వీధి తలుపు గంట మోగింది. హేంగర్లకి వేలాడుతున్న చొక్కాల వరసల మధ్య నుంచి, ఒక్కో చేతినీ పక్కకి తొలగించుకుంటూ గంజిగారు కౌంటరు వైపు చూశారు.

చంకలో ఆరు చొక్కాల మూటతో బ్యాంకు మేనేజరు నిలబడి ఉన్నాడు.